ఆ జీమెయిల్ ఎవరిది?

మీ ఫోన్ తీసి సెట్టింగ్స్ తెరవండి. కిందికి జరుపుకుంటూ వెళ్తే 'గూగుల్' అని కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఒక పేరు, దాని కింద ఒక ఈమెయిల్ చిరునామా ఉంటాయి. ఆ చిరునామా మీదేనా? మీదే అయితే దాని పాస్‌వర్డ్ మీకు తెలుసా? మరిచిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి గూగుల్ ఏ నంబరుకి కోడ్ పంపుతుంది? ఆ నంబరు ఇంకా మీ దగ్గరే ఉందా?

ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే మీరు సగం దూరం వచ్చేసినట్టే. రావులపాలెం చుట్టుపక్కల నాకు తెలిసిన ఇళ్లలో మాత్రం చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడు "మెయిల్ ఐడీ ఉందాండీ?" అని అడుగుతాడు. "అయ్యన్నీ మాకేం తెలుసు బాబూ, నువ్వే చూడు" అంటాం. అతను రెండు నిమిషాల్లో ఏదో ఒక ఐడీ తయారుచేసి, వాట్సాప్ ఎక్కించి చేతిలో పెట్టేస్తాడు. అతనికి దురుద్దేశం ఏమీ ఉండదు. కౌంటర్ దగ్గర ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, అంతే. కానీ ఆ క్షణాన మనం చేసిన పని, కొత్తిల్లు కట్టుకుని తాళాలు మేస్త్రి దగ్గరే వదిలేసి రావడం లాంటిది.

చిక్కు ఆ రోజు తెలీదు. రెండు మూడేళ్ల తర్వాత ఫోన్ కాలవలో పడుతుంది, లేకపోతే డిస్‌ప్లే పోయి కొత్తది కొంటాం. కొత్త ఫోన్ పాత మెయిల్ అడుగుతుంది. వందల నంబర్లు, మనవరాలి బారసాల ఫొటోలు, కాలం చేసిన పెద్దాయన మాట్లాడిన వీడియో అన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. అవి పోలేదు. గూగుల్ దగ్గర భద్రంగానే ఉన్నాయి. అవి మనవేనని నిరూపించుకునే దారి మాత్రం మన దగ్గర లేదు. పాత ఫోన్ బాగు చేయించి రీసెట్ కొట్టినా అంతే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి, దొంగలకి పనికిరాకుండా ఉండాలని, రీసెట్ తర్వాత పాత గూగుల్ ఖాతా వివరాలు అడిగే ఏర్పాటు పెట్టారు. పాస్‌వర్డ్ తెలియని సొంతదారుడికి కూడా ఆ ఫోన్ తెరుచుకోదు.

ఇంటర్నెట్ విషయంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. ఎవరి సాయమైనా తీసుకోండి. నెట్ సెంటర్ కుర్రాడు, కేబుల్ అబ్బాయి, హైదరాబాదులో ఉన్న కొడుకు, డాలస్‌లో ఉన్న కోడలు, ఎవరైనా సరే. కానీ మీ మెయిల్, మీ ఫోన్ నంబరు, మీ పిన్ ఈ మూడూ మీ చేతిలోనే ఉండాలి. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకి కూడా ఇది సాధ్యమే. వరి దిగుబడి, కౌలు లెక్క, అరటి గెల ధర నోటితో చెప్పగలిగినవాళ్లకి ఇది అసలు కష్టమే కాదు.

ముందు మెయిల్ సంగతి తేల్చేద్దాం. ఫోన్ పనిచేస్తున్నప్పుడే ఈ పని చేయాలి, పాడయ్యాక కుదరదు. అదే గూగుల్ పేజీలో 'సెక్యూరిటీ' విభాగంలోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. పాతది తెలియకపోతే 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అన్నది నొక్కండి. ఇప్పటికే ఆ ఖాతా తెరిచి ఉన్న ఫోన్ కాబట్టి చాలాసార్లు మీ స్క్రీన్ లాక్ అడిగి ఒప్పుకుంటుంది. తర్వాత 'రికవరీ ఫోన్' దగ్గర ఇప్పుడు వాడుతున్న నంబరు ఇవ్వండి. ఆ కిందే 'మీ పరికరాలు' అని ఒక జాబితా ఉంటుంది. మీకు తెలియని ఫోనో కంప్యూటరో అందులో కనిపిస్తే దాన్ని నొక్కి సైన్ అవుట్ చేయండి. ఎప్పుడో నెట్ సెంటర్లో తెరిచి మూయకుండా వచ్చిన మెయిల్ అలా నెలల తరబడి తెరిచే ఉంటుంది. ఖాతా ఇంకొకరి పేరు మీద ఉందని తేలితే, మీ పేరుతో కొత్తది తెరిచి, నంబర్లు, ఫొటోలు అందులోకి మార్చుకున్నాకే పాతది తీసేయండి.

పాస్‌వర్డ్ అంటే పుట్టినరోజు, ఇంటిపేరు, చివర 123 కాదు. అటువంటివి వెతికిపెట్టే ప్రోగ్రాములు నిమిషాల్లో పట్టేస్తాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు తీసుకోండి. పనస, తిరగలి, లాంచీ, ఆదివారం, ఇలాంటివి. (ఇవే పెట్టకండి, ఇక్కడ అచ్చయిపోయాయి.) వాటిని కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే పొడవు వస్తుంది, పాస్‌వర్డ్‌కి బలం ఆ పొడవు వల్లే వస్తుంది. మీకేమో తేలిగ్గా గుర్తుంటుంది.

పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాయకూడదని చాలామంది చెబుతారు. ఇంట్లో వాడుకునేవారి విషయంలో నేను ఒప్పుకోను. మీ మెయిల్ మీద కన్నేసినవాడు ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉంటాడు, మీ బీరువాలో నోటు పుస్తకం వాడికి కనపడదు. కాబట్టి ఒక చిన్న పుస్తకం పెట్టండి. మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్, ఏ బ్యాంకుకి ఏ నంబరు ఇచ్చాం, వైఫై పాస్‌వర్డ్, కరెంటు సర్వీసు నంబరు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, ఫోన్ గుర్తింపు నంబరు ఐఎంఈఐ అన్నీ అందులో రాయండి. *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ మాత్రం అందులో రాయొద్దు. అవి మనసులోనే ఉండాలి.

నంబరు పోతే

మన ప్రాంతంలో ఇంకో కష్టం ఉంది. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, ఖతార్, మస్కట్ వెళ్లి పనిచేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వెళ్లేటప్పుడు ఇక్కడి సిమ్ ఒక డబ్బాలో పెట్టి వెళ్తారు. బ్యాంకుకీ, ఆధార్‌కీ ఇచ్చింది ఆ నంబరే. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరు రద్దు చేయవచ్చు. కొన్నాళ్లకి అదే నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. రెండేళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లు డబ్బు తీసుకుందామంటే ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి పోతుంటుంది. మళ్లీ బ్యాంకు చుట్టూ, ఆధార్ సెంటర్ చుట్టూ తిరగాలి.

అందుకని బయటి దేశం వెళ్లేవాళ్లు ఆ సిమ్‌ని ఇంట్లో నమ్మకమైనవాళ్ల ఫోన్‌లో వేసి, గడువు దాటకుండా రీచార్జి చేయించండి. చాలా బ్యాంకులు ఎన్ఆర్ఐ ఖాతాలకి విదేశీ నంబరు కూడా తీసుకుంటాయి, వెళ్లేముందే అడగండి. 2023 జనవరిలో, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో ఎన్ఆర్ఐ ఖాతాలకి యూపీఐ వాడుకోవచ్చని అనుమతిచ్చింది. ఆ జాబితాలో అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే కువైట్ ఆ పదింటిలో లేదు.

ఇక్కడ ఉన్నవాళ్లు చేయవలసిన పని ఇంకోటి ఉంది. కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో సంచార్ సాథీ అనే పోర్టల్ తెచ్చింది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో అందులో చూసుకోవచ్చు. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేస్తే తీసేస్తారు. మీ ఆధార్ జిరాక్సు మీద ఇంకెవరో సిమ్ తీసుకుని దానితో మోసం చేస్తే పోలీసులు ముందు మీ తలుపే తడతారు. ఫోన్ పోయినా సంచార్ సాథీలోనే ఐఎంఈఐ ఇచ్చి దాన్ని దేశంలో ఎక్కడా పనిచేయకుండా ఆపించవచ్చు. ఐఎంఈఐ పుస్తకంలో రాయమన్నది అందుకే.

నెట్ సెంటర్‌కి వెళ్లడం తప్పు కాదు. దరఖాస్తు పెట్టాలి, జిరాక్సు తీయించుకోవాలి, తప్పదు. అక్కడ రెండు జాగ్రత్తలు చాలు. మీ పత్రాలు వాట్సాప్‌లో పంపితే పని అయ్యాక మీ ఎదురుగానే ఆ కంప్యూటర్లోంచి తీసేయమని మర్యాదగా అడగండి, మొహమాటపడకండి. వేలిముద్రలు ఎంఆధార్ యాప్‌లో లాక్ చేసి ఉంచండి. రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. లాక్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. రేషనుకో పింఛనుకో వేలు పెట్టవలసిన రోజున కాసేపు తెరుచుకోవచ్చు.

చాలా పనులకి ఇప్పుడు సెంటర్‌కి పోనక్కర్లేదు కూడా. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. 9552300009 నంబరు సేవ్ చేసుకుని 'హాయ్' అని పంపితే తెలుగులోనే అడుగుతూ వెళ్తుంది. పొలం వన్‌బీ, అడంగల్ మీభూమి సైట్లో మీరే చూసుకోవచ్చు. సైటు అసలుదో కాదో తెలుసుకోవడానికి చిరునామాని వెనక నుంచి చదవండి. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) ముందు చివరగా ఏముందో అదే దాని అసలు ఊరు. రాష్ట్ర ప్రభుత్వ సైట్లు చాలావరకు 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగుస్తాయి. ముందు 'మీభూమి' అని ఎంత చక్కగా రాసి ఉన్నా చివర ఇంకేదో ఉంటే అది మన సర్కారుది కాదు.

నెట్టు రావట్లేదండి

కోనసీమలోనే, సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో, 2016 డిసెంబర్‌లో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చే ప్రభుత్వ పథకం మొదలైంది. ఆ ఊళ్లో పుట్టి అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సోలమన్ డార్విన్ చొరవతో స్మార్ట్ విలేజ్ ప్రయోగం కూడా అక్కడే నడిచింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. ఖర్చు తగ్గడానికి తీగని భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. తీగ మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల స్తంభాల మీదే, కొబ్బరి చెట్ల మధ్య నుంచే వస్తుంది.

మన నెట్ కష్టాలు ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నటి గాజుపోగు. అందులో వెళ్లేది వెలుతురు. ఎండిన కొబ్బరి మట్ట పడితే తెగుతుంది. గోడ మూల దగ్గర మరీ మడిచేస్తే తెగకపోయినా వెలుతురు బయటికి జారిపోయి నెట్టు నీరసపడుతుంది. నెట్టు ఆగినప్పుడు బాక్సు వైపు చూడండి. 'ఎల్ఓఎస్' అని రాసిన చోట ఎర్రలైటు వెలుగుతుంటే తీగలోంచి వెలుతురు రావట్లేదని అర్థం. ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కేబుల్ అబ్బాయికి "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అతనికి ఏ సామాను తెచ్చుకోవాలో తెలుస్తుంది. ఎర్రలైటు లేకుండా నెట్టు రాకపోతే బాక్సు ఆపి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయండి. సగం సార్లు అక్కడితో సరిపోతుంది.

హాల్లో బాగా వచ్చి పడగ్గదిలో రాకపోతే తప్పు కంపెనీది కాదు. పాత మండువా ఇళ్ల మందపాటి గోడలు, కొత్త ఇళ్ల స్లాబుల్లోని ఇనుము, బీరువా, అద్దం, చేపల తొట్టె ఇవన్నీ వైఫైని అడ్డుకునేవే. బాక్సుని టీవీ వెనక నేలమీద పెట్టకండి. ఇంటికి నడిమధ్య, మనిషి తల ఎత్తున పెట్టండి. బాక్సు రెండు పేర్లతో వైఫై ఇస్తుంటే చివర '5జీ' అని ఉన్నది దగ్గర్లో వేగంగా పనిచేస్తుంది, రెండోది గోడలు దాటి దూరం పోతుంది. పడగ్గదికి రెండోది వాడండి. ఉరుములు మొదలైతే బాక్సు ప్లగ్గు పీకేయండి. గాజుపోగులోంచి పిడుగు రాదు కానీ కరెంటు తీగలోంచి వస్తుంది.

కంప్యూటర్ స్లో అయిపోయిందని కొత్తది కొనేముందు ఒకసారి ఆలోచించండి. పాతది గుండ్రటి డిస్కు తిరిగే హార్డ్‌డిస్క్ అయితే దాని బదులు తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయించండి. ఏడెనిమిదేళ్ల కంప్యూటరైనా తేడా మీకే తెలుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా మరమ్మతులు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని పారేయకండి. పిల్లల చదువుకీ, యూట్యూబుకీ విండోస్ బదులు లైనక్స్ మింట్ ఉచితంగా వేసుకోవచ్చు. క్రాక్ చేసిన విండోస్ మాత్రం ఎవరు ఊరికే వేస్తామన్నా వద్దనండి. దానితోపాటు లోపలికి ఏమొచ్చిందో వేసినవాడికీ తెలీదు.

స్క్రీన్ మూలన 'మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు' అంటూ హడావిడి చేసే బొమ్మలు వైరస్ కాదు. ఎప్పుడో ఒక సైటు 'నోటిఫికేషన్లు పంపనా?' అని అడిగితే మీరు అనుమతి ఇచ్చి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితాకి వెళ్లి తెలియని సైట్లని తీసేస్తే ఆగిపోతాయి. వాటిలో ఇచ్చే నంబరుకి ఫోన్ మాత్రం చేయకండి. అవతలివాడు ఎనీడెస్క్ ఎక్కించమంటాడు, అది ఎక్కించాక మీ స్క్రీన్ వాడిది.

డబ్బు దగ్గర

యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఇప్పుడు రావులపాలెం అరటి మార్కెట్లో గెలల లెక్కా, రోడ్డు పక్క కొబ్బరిబోండాం లెక్కా అన్నీ దానిమీదే. దీని గురించి ఒక్కటి పూర్తిగా అర్థం చేసుకుంటే చాలా మోసాలు మీ దాకా రావు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదా బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒకామెకి ఫోన్ వచ్చిందనుకోండి. "మేడమ్, నేను ఆర్మీలో ఉన్నాను, యూనిట్లో ఫంక్షనుకి వంద బాక్సులు కావాలి, అడ్వాన్సు ఇప్పుడే వేస్తాను" అంటాడు. యూనిఫాం వేసుకున్న ఫొటో, ఐడీ కార్డు పంపుతాడు. తర్వాత ఒక క్యూఆర్ పంపి, "ఇది స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో డబ్బు పడుతుందండి, మా ఆర్మీ పద్ధతి ఇదే" అంటాడు. దేశమంతా చిన్న వ్యాపారుల మీద ఏళ్లుగా నడుస్తున్న ఎత్తు ఇది. పెద్ద ఆర్డరు వచ్చిందన్న సంతోషంలో మనిషి ఆలోచన ఒక్క క్షణం ఆగుతుంది, వాడికి కావలసింది ఆ క్షణమే. "నా నంబరుకే వేయండి బాబూ, వస్తే బాక్సులు కడతాను" అని ఫోన్ పెట్టేయడమే.

ఇంతకంటే ప్రమాదకరమైనవి ఏపీకే ఫైళ్లు. పెళ్లి శుభలేఖ అనీ, బండి మీద చలానా ఉందనీ, పీఎం కిసాన్ డబ్బు పడిందనీ, ఈ రాత్రికి కరెంటు తీసేస్తారనీ వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. ఒక్కోసారి తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉంది. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది శుభలేఖ కాదు, ఒక యాప్. ఎక్కిస్తే మెసేజీలు చదవడానికి అనుమతి అడుగుతుంది, ఇచ్చేస్తాం. ఇక ఓటీపీలన్నీ మీకంటే ముందు వాడికి చేరతాయి. శుభలేఖ ఎప్పుడూ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. పొరపాటున ఎక్కించారని తెలిస్తే వెంటనే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపేయండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. ఆ యాప్ తీసేసినా నమ్మకండి, ఫొటోలు కాపాడుకుని ఫోన్ మొత్తం రీసెట్ చేయించండి.

సీబీఐ అనో, ముంబయి పోలీసులనో వీడియో కాల్ చేసి "మీ మీద డిజిటల్ అరెస్ట్" అని గంటలకొద్దీ కదలనివ్వకుండా కూర్చోబెడతారు. రిటైరైన టీచర్లు, ఒంటరిగా ఉండే తల్లిదండ్రులు దీనికి ఎక్కువ బలవుతున్నారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఇదే మాట దేశమంతటికీ చెప్పవలసి వచ్చింది. ఫోన్ కట్ చేయడం నేరం కాదు, కట్ చేయండి.

పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు

సెలవులకి వచ్చిన పిల్లలు చేసే మంచి పని ఒకటుంది, చెడ్డపని ఒకటుంది. చెడ్డది "ఇటియ్యండి నాన్నగారూ, నేను చేసేస్తాను" అని ఫోన్ లాక్కోవడం. పిల్లలు వెళ్లిపోయిన మర్నాడు ఆయన మళ్లీ మొదటికే. ఫోన్ ఆయన చేతిలోనే ఉండాలి, వేలు ఆయనదే నొక్కాలి, మీరు పక్కన కూర్చుని నోటితో చెప్పాలి. పది నిమిషాల పని గంట పడుతుంది, పట్టనివ్వండి. ఏం నొక్కాలో ఆయన చేతే, ఆయన మాటల్లోనే పుస్తకంలో రాయించండి. 'ఆకుపచ్చ బొమ్మ, పైన మూడు చుక్కలు' అని రాసుకుంటే అదే సరైన పాఠం.

మంచి పని అక్షరం పెద్దది చేయడం. చాలామంది పెద్దవాళ్లు ఫోన్ రాదనుకుంటారు, నిజానికి వాళ్లకి కనపడట్లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు పెంచండి. కీబోర్డు మీద మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుందని చూపించండి. కువైట్‌లో ఉన్న కూతురికి సొంతంగా మెసేజీ పెట్టిన రోజున ఆ తల్లి మొహం చూస్తే మీకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

నీళ్లొచ్చినా, నెట్టు పోయినా

గోదారి పక్కన బతికేవాళ్లకి కాగితం ఎంత అశాశ్వతమో తెలుసు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబర్ తుపాను, 2022 జులై వరద, ప్రతిసారీ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. దస్తావేజులు, పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, పాత ఫొటోలు ఒక ఆదివారం పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటోలు తీసి, మీ మెయిల్ తాలూకు డ్రైవ్‌లో ఒక కాపీ, ఒక చిన్న హార్డ్‌డిస్కులో ఇంకో కాపీ పెట్టండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మలు అందులో చోటు తినకుండా చూడండి. ఆ హార్డ్‌డిస్కు అదే ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర పెడితే ఇంకా మేలు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు ప్రభుత్వ యాప్ డిజిలాకర్లో ఉంచుకుంటే అసలుతో సమానంగా చెల్లుతాయి.

అన్నీ ఫోన్‌లోనే, నెట్‌లోనే పెట్టుకోవడానికి రెండోవైపు కూడా ఉంది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. డబ్బు ఉండి ఇవ్వలేని పరిస్థితి, పత్రం ఉండి చూపించలేని పరిస్థితి అప్పుడు అందరం చూశాం. ఇంట్లో వారం ఖర్చుకి నగదు, పుస్తకంలో పది ముఖ్యమైన ఫోన్ నంబర్లు, ఫోన్‌లోనే దింపి పెట్టుకున్న ఆధార్ పీడీఎఫ్ ఎప్పుడూ ఉండాలి.

చివరగా, ఎంత జాగ్రత్తపడినా డబ్బు పోయే రోజు రావచ్చు. ఆ గంటలో ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకోండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోయిన మొత్తం, టైము, బ్యాంకు పేరు, యూపీఐ అయితే పన్నెండంకెల లావాదేవీ నంబరు అడుగుతారు. దొంగ ఆ డబ్బుని ఖాతాల మీద ఖాతాలు మార్చి తీసేలోపు అది ఏ బ్యాంకులో ఉంటే అక్కడ ఆపడానికి ప్రయత్నిస్తారు. అందుకే మొదటి గంట విలువైనది. తర్వాత మీ బ్యాంకుకి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల వల్ల పోయిన డబ్బుకి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే మీ మీద భారం పడదు. ఓటీపీ మీరే చెప్పినా సరే, ఫిర్యాదు చేసిన తర్వాత పోయేదానికి బాధ్యత బ్యాంకుదే.

ఇంట్లో తిడతారనీ, ఊళ్లో నవ్వుతారనీ రెండు రోజులు దాచిపెట్టినవాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రోజే చెప్పండి: "ఏం జరిగినా మిమ్మల్ని ఒక్క మాట అనం, వెంటనే మాకు చెప్పండి, ముందు 1930 కొట్టండి."